మోకాళ్ళ నొప్పితో పోర్టో పాత ఊరు చూడొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి పోర్చుగల్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే నెల మేమిద్దరం వెళ్తున్నాం. పోర్టోలో నది ఒడ్డున ఉన్న పాత ఊరు ఒక రోజులో చూపిస్తానంటున్నాడు. నాకు మోకాళ్ళ నొప్పులు. చదును రోడ్డయితే రెండు కిలోమీటర్లు నడవగలను. ఎలా చూస్తే బాగుంటుంది?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: నిక్షేపంగా చూడొచ్చండి. అయితే మన కోనసీమలో ఏటిగట్టే పెద్ద ఎత్తు. పోర్టో అలా కాదు, డోరో నది లోయలో పారుతుంటే ఊరు కొండవాలు మీద ఉంటుంది. ‘దిగడమే కదా’ అని చాలామంది పైనుంచి రిబైరా రేవుకి మెట్లదారిన నడిచి దిగుతారు. మోకాలికి ఎక్కడం కన్నా దిగడమే ఎక్కువ నొప్పి. పైగా దారంతా గ్రానైట్ రాళ్ళు పరిచి ఉంటుంది. అవి అరిగి నున్నబడ్డాయి, చినుకు పడితే జారతాయి. చెప్పులు వద్దు, రబ్బరు అడుగున్న బూట్లు వేసుకోండి.

మెట్రోలో సావ్ బెంతో స్టేషన్‌కి రండి. మెట్రో టికెట్‌గా వాడే అందాంతే కార్డు మనిషికొకటి ఉండాలి. ఎక్కేముందు మిషన్‌కి ఆనించకపోతే జరిమానా వేస్తారు. పైన రైల్వే స్టేషన్ హాలు గోడలకి సుమారు 20,000 పింగాణీ పలకలున్నాయి. రాజుల యుద్ధాలతో ఆగిపోకుండా ద్రాక్ష కోత, నీటి మర ఉన్న బొమ్మలూ వెతకండి. పైవరుసలో రంగుల్లో బండ్ల నుంచి రైలు దాకా ప్రయాణ సాధనాలు గీశారు.

అక్కడికి దగ్గర్లోనే ‘సే’ చర్చి. ఆ ముంగిట కాసేపు కూర్చుని, 1886లో తెరిచిన దోం లూయిస్ వంతెన పై అంతస్తుకి వెళ్ళండి. మన రాజమండ్రి రోడ్డు కం రైలు బ్రిడ్జికి ఇది తిరగేసిన బొమ్మ: ఇక్కడ పైన మెట్రో, కింద బళ్ళు. పట్టాలు నడిచే నేలతో సమానంగా ఉంటాయి. ఫోటో కోసం వెనక్కి అడుగులేసేవాళ్ళు ఆ సంగతే మరిచిపోతారు, జాగ్రత్త. అవతలి గట్టు దాకా నడిచి, తిరిగి రండి.

రేవుకి దిగడానికి, వంతెన ఇవతలి కొసకి దగ్గర్లో బతాల్యా అనే కూడలి వైపు ఫునిక్యులర్ ఉంది. అంటే ఇనప తాడు లాగే రైలు పెట్టె. దిగేముందే పైకొచ్చే ఆఖరి పెట్టె ఎన్నింటికో అడగండి, అది తప్పితే టాక్సీయే.

రేవు గోడకి ఒక కంచు ఫలకం ఉంటుంది. 1809 మార్చి 29న ఫ్రెంచి సైన్యానికి భయపడి పరుగెత్తిన జనం పడవల వంతెన మీద కిక్కిరిసి, నదిలో పడి చనిపోయారు. ఆ ఫలకం ముందు ఇప్పటికీ కొవ్వొత్తులు వెలిగిస్తారు. దాన్ని తప్పకుండా చూడండి.

క్లెరిగోస్ గోపురం మాత్రం కింద నుంచే చూడండి. 200కి పైగా ఇరుకు మెట్లు.