కుర్చీలో కూర్చోబెట్టినా కొరకడం మానడం లేదు

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్లు. అడిగిన బొమ్మ ఇవ్వకపోతే చెల్లెల్ని కొడతాడు, కొరుకుతాడు. అలా చేసినప్పుడల్లా టైమ్-ఔట్ అని అరగంట కుర్చీలో కూర్చోబెడుతున్నాం. మాటిమాటికీ లేచి వస్తాడు, మందలించి మళ్లీ కూర్చోబెడతాం. మార్పు లేదు. ఇంకా ఎక్కువసేపు కూర్చోబెట్టాలా?
– ఒక తల్లి

జవాబు: వద్దండీ, అరగంటే చాలా ఎక్కువ. ఏడాది వయసుకు ఒక నిమిషం చొప్పున లెక్క వేసుకోమని పిల్లల నిపుణులు సాధారణంగా చెబుతారు కాబట్టి మీ బాబుకు 4 నిమిషాలు చాలు.

అసలు లోపం మందలింపుల్లో ఉందని నా అభిప్రాయం. ఈ టైమ్-ఔట్ పద్ధతికి ఆద్యుల్లో ఒకరైన అమెరికన్ మనస్తత్వవేత్త ఆర్థర్ స్టాట్స్ ఉద్దేశం పిల్లల్ని బాధపెట్టడం కాదు. తప్పు పని చేసినప్పుడు వారికి దక్కే ఆటను, పెద్దల పట్టింపును కొద్దిసేపు ఆపడం. బాబు లేచి వచ్చిన ప్రతిసారీ మీరు వెంటపడి, కళ్లలోకి చూస్తూ, తప్పెందుకో వివరిస్తుంటే, కోపంగానైనా సరే, వాడు కోరుకున్న పట్టింపు నిండుగా దొరుకుతున్నట్టే.

ఇకపై కొరికిన వెంటనే, హెచ్చరికలతో సాగదీయకుండా, "చెల్లెల్ని కొరికావు, కుర్చీలో కూర్చో" అని మామూలు గొంతుతో ఒక్కసారి చెప్పి, టైమర్ పెట్టి, మీరు పాపను ఓదార్చండి. లేచి వస్తే మాట్లాడకుండా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి కూర్చోబెట్టండి. మొదట్లో పేచీ పెరగవచ్చు. అది సహజమే, అక్కడ మెత్తబడకండి. చీకటి గదిలో ఉంచడం, తలుపు గడియ పెట్టడం మాత్రం ఎన్నడూ చేయకూడదు. భయంతోనో, ఆకలితోనో, నిద్ర చాలకనో ఏడుస్తున్న బిడ్డకు ఈ పద్ధతి పనికిరాదు, వాడికి కావలసింది మీ ఒడి.

సమయం ముగిశాక ఉపన్యాసం వద్దు. బొమ్మ కావాలంటే "నాకూ ఒకసారి ఇవ్వవా" అని అడగడం నేర్పి, తిరిగి ఆటలోకి పంపండి. ఆ తర్వాత వాడు తన వంతు కోసం ఒక్క క్షణం ఆగినా సరే, "చెల్లి ఇచ్చేదాకా ఆగావు, బాగుంది" అని ఆ పనినే పేరుపెట్టి మెచ్చుకోండి. రోజంతా మీతో ఆడుతూ, మాట్లాడుతూ గడిపే బిడ్డకే ఆ 4 నిమిషాలు వెలితిగా తోస్తాయి. ఎప్పుడూ ఒంటరిగా ఉండే బిడ్డకు కుర్చీ అయినా, గది అయినా ఒకటే.

కొన్ని వారాలు ఇలా పట్టుదలగా చేసినా కొరకడం తగ్గకపోతే, లేదా తనను తాను గాయపరచుకుంటుంటే, పిల్లల వైద్యులకు చూపించండి.