ఏ పేజీ తెరిచి చూసి కొనాలి?

పాఠకుల ప్రశ్నలు: వెబ్ డిజైన్, ప్రోగ్రామింగ్ పుస్తకాలు

ప్రశ్న: విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల దుకాణంలో హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్ పుస్తకం తక్కువ ధరకే దొరికింది. 2011 నాటిది. బొమ్మలతో చక్కగా అర్థమవుతోంది. కానీ అంత పాతది చదివితే టైం దండగ అని ఫ్రెండ్స్ అంటున్నారు. నిజమేనా?
– డిగ్రీ విద్యార్థి, నరసరావుపేట

జవాబు: సగం నిజం. పేజీలో ఏమేం ఉండాలో చెప్పే హెచ్‌టీఎంఎల్‌కి ఒక మంచి గుణం ఉంది. పాత పేజీలు చెడిపోకుండా బ్రౌజర్లవాళ్లు జాగ్రత్తపడతారు కాబట్టి హెడింగులు, లింకులు, టేబుళ్లు, ఫారాల మీద 2011లో రాసింది ఇప్పటికీ చెల్లుతుంది. పేజీ ఎలా కనిపించాలో చెప్పే సీఎస్ఎస్‌లో సెలెక్టర్లు (ఏ భాగానికి రూపం ఇవ్వాలో ఎంచేవి), బాక్స్ మోడల్ (డబ్బా కొలతల లెక్క) కూడా అంతే. ఆ అధ్యాయాలు నిశ్చింతగా చదవండి.

పనికిరానిది లేఅవుట్ అధ్యాయం. అప్పట్లో పేజీని నిలువు భాగాలు చేయాలంటే ఫ్లోట్ (డబ్బాను ఎడమకో కుడికో జరిపే సీఎస్ఎస్ ఆదేశం) వాడేవారు. 900 పిక్సెళ్ల జాగాలో 300 చొప్పున మూడు డబ్బాలు పెట్టి, ఒక్కోదానికి అటూఇటూ 20 పిక్సెళ్ల ప్యాడింగ్ (లోపలి ఖాళీ), 1 పిక్సెల్ బోర్డర్ ఇవ్వండి. మూడో డబ్బా కిందికి జారిపోతుంది. ఎందుకంటే మామూలుగా విడ్త్ అంటే లోపలి సరుకు వెడల్పే, ప్యాడింగూ బోర్డరూ దానికి పైన కలుస్తాయి. 300 కాస్తా 342 అవుతుంది, మూడూ కలిసి 1026. ఈ లెక్క తెలియాలి, బాక్స్ సైజింగ్‌ని బోర్డర్ బాక్స్‌గా (విడ్త్‌లోనే ప్యాడింగ్, బోర్డర్ కలిపి లెక్కించేలా) మారిస్తే ఎందుకు సర్దుకుంటుందో కూడా తెలియాలి. అంతేగానీ లేఅవుట్ కోసం ఫ్లోట్‌తో కుస్తీ అక్కర్లేదు. పేజీని గళ్లుగా విభజించే సీఎస్ఎస్ గ్రిడ్ 2017 మార్చిలో క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ మూడింటిలోకీ వచ్చేసింది. అదే పని ఇప్పుడు ఒకటి రెండు లైన్లలో అయిపోతుంది. బొమ్మ చుట్టూ అక్షరాలు పారించడానికి మాత్రం ఫ్లోట్ ఇంకా అవసరమే.

ఇకముందు కొనేటప్పుడు అట్ట చూసి మోసపోకండి. టైటిల్ పేజీ వెనక కాపీరైట్ సంవత్సరం, ఎడిషన్ చూడండి. రీప్రింట్ 2022 అని ఉన్నా లోపలి సరుకు 2012 నాటిదే కావచ్చు. తర్వాత చివర ఇండెక్స్‌లో ఇప్పటి లేఅవుట్ పద్ధతులైన ఫ్లెక్స్‌బాక్స్, గ్రిడ్, తెర సైజుకు తగ్గట్టు పేజీని మార్చే మీడియా క్వెరీ వెతకండి. మూడూ లేకపోతే పుస్తకం పాతదే. కాలం చెల్లిన ఫాంట్ ట్యాగ్, మార్క్యూ, ఫ్రేమ్‌సెట్‌లను వాడమని నేర్పుతుంటే అక్కడే వదిలేయండి. ఇంకో మాట: మన దేశంలో చవగ్గా అమ్మే రీప్రింట్లు కొన్ని నలుపు తెలుపులో ఉంటాయి. జావా, పైథాన్ నేర్చుకోవడానికి అడ్డేమీ లేదు. రంగుల పొందిక గురించిన పుస్తకాన్ని మాత్రం అలా కొంటే ఎర్ర బటనూ ఆకుపచ్చ బటనూ ఒకే బూడిద రంగులో కనిపించవచ్చు.

ప్రశ్న: కాలేజీ ల్యాబ్‌కి ఇచ్చిన పీహెచ్‌పీ పుస్తకంలోని లాగిన్ ప్రోగ్రాం ఇంట్లో పీహెచ్‌పీ నడపడానికి ఎక్కించిన ఎక్సాంప్‌లో నడవడం లేదు. మైఎస్‌క్యూఎల్ కనెక్ట్ అనే ఫంక్షనే లేదంటోంది. ఇన్‌స్టాలేషన్ తప్పా?
– బీసీఏ విద్యార్థిని, కాకినాడ

జవాబు: ఇన్‌స్టాలేషన్‌లో తప్పేమీ లేదు, పుస్తకమే పాతది. డేటాబేస్‌తో కలిపే ఆ పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లన్నిటినీ 2015 డిసెంబర్‌లో వచ్చిన పీహెచ్‌పీ 7లోనే తీసేశారు. పుస్తకం నడవాలని పాత పీహెచ్‌పీ ఎక్కించుకోవద్దు. వాటి బదులు ఇప్పుడున్న పీడీఓ గానీ, పేరు చివర ఐ ఉండే మైఎస్‌క్యూఎల్ఐ గానీ వాడి ఆ ప్రోగ్రాం మళ్లీ రాయండి.

అసలు ఏ పీహెచ్‌పీ పుస్తకానికైనా లాగిన్ అధ్యాయమే పరీక్ష. యూజర్ ఫారంలో టైపు చేసింది నేరుగా క్వెరీలో (డేటాబేస్‌ని అడిగే వాక్యంలో) అతికిస్తోందా? అలా అయితే పేరు బదులు ఒక కోట్ గుర్తూ, 'ఆర్ 1 = 1' లాంటి ముక్కా టైపు చేసినవాడు పాస్‌వర్డ్ లేకుండా లోపలికి వచ్చేయొచ్చు. దీన్నే ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అంటారు. యూజర్ టైపు చేసినదాన్ని క్వెరీలో కలపకుండా విడిగా పంపే ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ వాడిందా అని చూడండి. పాస్‌వర్డ్‌ని ఎండీ5 అనే పాత పద్ధతితో దాస్తుంటే ఆ పుస్తకం కొనకండి. అందుకోసమే ఉన్న పాస్‌వర్డ్ హ్యాష్ ఫంక్షన్ 2013లో వచ్చిన పీహెచ్‌పీ 5.5 నుంచీ ఉంది. పరీక్షకు ల్యాబ్ మాన్యువల్‌లో ఉన్నట్టే రాయమంటే రాయండి, సొంత సైటులో మాత్రం అది పెట్టకండి.

ప్రశ్న: అమీర్‌పేటలో ఫ్రంటెండ్ కోర్సు చేస్తున్నాను. రియాక్ట్ మీద మంచి పుస్తకం చెప్పండి. జావాస్క్రిప్ట్ కొంచెం వచ్చు.
– ఉద్యోగ ప్రయత్నంలో ఉన్న పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఆ 'కొంచెం' దగ్గరే ఆగండి. ముందు జావాస్క్రిప్ట్ పుస్తకం చదవండి, రియాక్ట్‌కి డబ్బు పెట్టకండి. రియాక్ట్ లాంటి రెడీమేడ్ పనిముట్ల (ఫ్రేమ్‌వర్క్) పుస్తకాలు పెరుగులాంటివి, నాలుగు రోజులకే పులుస్తాయి. 2019 ఫిబ్రవరిలో రియాక్ట్ 16.8తో హుక్స్ అనే కొత్త పద్ధతి వచ్చాక అంతకుముందు పుస్తకాల్లోని క్లాస్ కాంపొనెంట్లు (పేజీ ముక్కలు రాసే పాత తీరు) మూలన పడ్డాయి. చాలా పుస్తకాలు మొదటి అధ్యాయంలోనే కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టడానికి క్రియేట్ రియాక్ట్ యాప్ నడపమంటాయి. 2025 ఫిబ్రవరిలో ఆ పనిముట్టుకే సెలవిచ్చారు, అదే పనికి ఇప్పుడు ఎక్కువమంది వీట్ వాడుతున్నారు. రియాక్ట్ అధికారిక సైటులోని పాఠాలు ఉచితం, తాజా కూడా. వాటితోనే నేర్చుకోండి.

జావాస్క్రిప్ట్ పుస్తకాన్ని పది నిమిషాల్లో తూచవచ్చు. అది 2015 జూన్ తర్వాతిదై ఉండాలి. లెట్, కాన్స్ట్, యారో ఫంక్షన్లు, ప్రామిస్‌లు ఆ ఏడాదే ప్రమాణంలోకి వచ్చాయి. ఎసింక్, అవెయిట్ 2017లో చేరాయి. వేరియబుల్ అధ్యాయం తెరవండి. అన్నిచోట్లా వేరియబుల్ పెట్టే పాత పద్ధతి వార్ ఉంటే వదిలేయండి. లెట్ ఉంటే సరిపోదు, ఎందుకు పెట్టాలో చెప్పిందో లేదో చూడండి.

సున్నా నుంచి మూడుసార్లు తిరిగే ఫర్ లూప్ రాసి, లోపల సెట్ టైమౌట్‌తో ఒక సెకను తర్వాత, తిరుగుళ్లు లెక్కపెట్టే వేరియబుల్ 'ఐ' విలువ చూపించమనండి. ఐని వార్‌తో పెడితే 3, 3, 3 వస్తుంది. లెట్‌తో పెడితే 0, 1, 2. వార్ అయితే లూప్ మొత్తానికీ ఉండేది ఒక్క ఐ. సెకను గడిచేసరికి లూప్ అయిపోయి అందులో 3 కూర్చుని ఉంటుంది. లెట్ అయితే ప్రతి తిరుగుడుకీ కొత్త ఐ పుడుతుంది. 'లెట్ వాడటం మంచిది' అని ఒక్క ముక్కలో తేల్చే పుస్తకం ఇంటర్వ్యూలో మిమ్మల్ని ఆదుకోదు. ఈ తేడా విడమరచి చెప్పే పుస్తకం ఆదుకుంటుంది.

పేరు కావాలంటే 'ఎలొక్వెంట్ జావాస్క్రిప్ట్'. నాలుగో ఎడిషన్ 2024లో వచ్చింది, మొత్తం పుస్తకం నెట్‌లో ఉచితంగా చదవచ్చు. తేలిక పుస్తకం కాదు. మొదటి నాలుగు అధ్యాయాలు సాఫీగా సాగుతాయి, ఐదో అధ్యాయంలో ఫంక్షన్‌కి ఫంక్షన్‌నే ఇచ్చే చోట చాలామంది ఆగిపోతారు. అధ్యాయం చివరి లెక్కలు చేయకుండా ముందుకు వెళ్లడమే అందుకు కారణం.

ప్రశ్న: పీడీఎఫ్ పుస్తకంలోంచి పైథాన్ కోడ్ కాపీ చేసి పేస్ట్ చేస్తే అన్నీ ఎర్రర్లే. అక్షరం మార్చలేదు. పుస్తకంలో తప్పులున్నాయా?
– సాఫ్ట్‌వేర్ టెస్టర్, వరంగల్

జవాబు: మీరు మార్చకపోయినా పీడీఎఫ్ మార్చింది. అచ్చులో అందంగా కనిపించాలని నిటారు కోట్లను వంకర కోట్లుగా పెడతారు. చూపుకి రెండూ ఒకటే, పైథాన్‌కి మాత్రం అవి వేరే అక్షరాలు. మైనస్ గుర్తు బదులు పొడుగు గీత రావడం, పక్కనున్న లైను నంబర్లు కూడా కోడ్‌లో కలిసిపోవడం మామూలే. అన్నిటికన్నా ప్రమాదం లైను ముందున్న ఖాళీలు పోవడం. పైథాన్‌లో ఏ లైను ఏ ఇఫ్ కింద ఉందో చెప్పేది ఆ ఖాళీలే కదా. ఎర్రర్ వస్తే అదృష్టం. రాకుండా లైను లూప్ బయటికి జారితే తప్పు జవాబు వస్తుంది, కారణం పట్టుకోవడానికి ఒక పూట పోతుంది.

చిన్న కోడ్ చేత్తో టైపు చేయండి. పెద్దదైతే ముందుమాటలో ఇచ్చిన గిట్‌హబ్ (కోడ్ దాచే సైటు) లింకు నుంచి దించుకోండి. లైబ్రరీలు ఎక్కించేటప్పుడు పుస్తకం చెప్పిన వెర్షన్ నంబర్ కూడా ఇవ్వండి. నంబర్ ఇవ్వకపోతే తాజాది దిగుతుంది, పుస్తకానికీ దానికీ పొత్తు కుదరకపోవచ్చు. పబ్లిషర్ సైటులో ఎర్రాటా (తప్పొప్పుల) పేజీ ఉంటే ముందే చూసి తప్పులు పెన్సిల్‌తో దిద్దుకోండి. ప్రింట్ పక్కన బ్రాకెట్లు లేకపోతే అది పైథాన్ 2 పుస్తకం. ఆ వెర్షన్‌కి 2020 జనవరి 1తోనే మద్దతు ఆగిపోయింది.

ప్రశ్న: ఫ్రెషర్‌ని. సీనియర్ 'డిజైన్ ప్యాటర్న్స్' చదవమన్నారు. తల తిరుగుతోంది.
– పాఠకురాలు, తిరుపతి

జవాబు: పక్కన పెట్టండి. ప్రోగ్రాముల్లో తరచూ వచ్చే సమస్యలకు తయారుగా ఉన్న పరిష్కారాలు చెప్పే 1994 పుస్తకం, ఉదాహరణలు సీ++, స్మాల్‌టాక్‌లో ఉంటాయి. వేల లైన్ల కోడ్‌తో ఒకసారి ఇబ్బంది పడ్డాకే అది దేనికి మందో తెలుస్తుంది. ఈలోగా, కోడ్ చేసే పని మారకుండా దాన్ని చక్కదిద్దడం నేర్పే 'రీఫ్యాక్టరింగ్' 2018 నాటి రెండో ఎడిషన్‌లో మొదటి అధ్యాయం చదవండి. ఉదాహరణలు జావాస్క్రిప్ట్‌లోనే. 1999 నాటి మొదటి ఎడిషన్ జావాలో ఉంటుంది, చూసి తీసుకోండి.

ప్రశ్న: తెలుగు కథల సైటు కడుతున్నాను. వత్తులు కింద తెగిపోతున్నాయి. ఏ పుస్తకంలో చూడాలి?
– చిన్న పత్రిక నిర్వాహకులు, రాజమండ్రి

జవాబు: ఇంగ్లీషు పుస్తకాల్లో టైపోగ్రఫీ అధ్యాయం ఎంత బాగున్నా అందులోని కొలతలు ఇంగ్లీషు అక్షరాలకు చెప్పినవి. లైన్ హైట్ (ఒక్కో లైనుకిచ్చే ఎత్తు) 1.4, 1.5 అంటాయి. మనకు పైన గుడి, కింద వత్తు, ఒక్కోసారి వత్తు కింద వత్తు. 1.7తో మొదలుపెట్టి 'లక్ష్మి', 'రాష్ట్రం', 'స్వాతంత్ర్యం' రాసి పరీక్షించండి. బటన్లకు, హెడింగులకు కచ్చితమైన ఎత్తు ఇచ్చి మిగిలింది దాచమంటే వత్తు తెగక ఏమవుతుంది? ఎత్తు తీసేసి పైనా కిందా ప్యాడింగ్ పెట్టండి. అక్షరాల మధ్య దూరం పెంచే లెటర్ స్పేసింగ్ జోలికి పోవద్దు. ఇటాలిక్ కూడా వద్దు. తెలుగు ఫాంట్లలో అది దాదాపు ఉండదు కాబట్టి బ్రౌజర్ అక్షరాన్ని బలవంతంగా వంచుతుంది.

యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైపు చేసిన పాత కథలను అలాగే పేస్ట్ చేస్తే పిచ్చి గీతలు వస్తాయి, ముందు అన్ని కంప్యూటర్లకీ ఉమ్మడి అక్షర ప్రమాణమైన యూనికోడ్‌లోకి మార్చాలి. డేటాబేస్‌లో తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారితే టేబుల్‌కీ కనెక్షన్‌కీ అన్ని భాషల అక్షరాలూ పట్టే యూటీఎఫ్8ఎంబీ4 ఎన్‌కోడింగ్ పెట్టారో లేదో చూడండి. ఒకసారి ప్రశ్నార్థకాలుగా సేవ్ అయిపోయిన కథ ఇక తిరిగిరాదు, మళ్లీ ఎక్కించాల్సిందే.

కథ మొదటి 100 అక్షరాలు చూపించే కోడ్ పుస్తకంలోంచి ఎత్తుకుంటే అక్కడొక ఉచ్చు ఉంది. 'స్త్రీ' మన కంటికి ఒక్క అక్షరం. జావాస్క్రిప్ట్‌లో దాని లెంగ్త్ 6: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. రెండు దగ్గర కోస్తే 'స్' మిగులుతుంది. జావాస్క్రిప్ట్‌లోనే ఉన్న ఇంటల్ సెగ్మెంటర్ అనే సౌకర్యంతో పదాల హద్దు చూసి కోయండి, లేదా ఇంకా తేలిగ్గా, దగ్గర్లోని ఖాళీ దగ్గర కోయండి. ఇలాంటివి చాలా వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ వారి ఇంటర్నేషనలైజేషన్ (అన్ని భాషలకూ వెబ్‌ని అనువుగా చేయడం) పేజీల్లో ఉచితంగా చదవచ్చు.