కిరాణా కొట్టు వెనక బడి

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. అమెరికాలో నల్లజాతివాళ్ల పౌరహక్కుల ఉద్యమంలో పనిచేసిన ఒక మహిళ గురించి బడిలో ఐదు నిమిషాలు మాట్లాడాలి. తరగతిలో సగం మంది రోజా పార్క్స్ గురించే చెబుతామంటున్నారట. ఇంకెవరి గురించి చెబితే బాగుంటుంది? అన్నట్టు, ఆవిడ ఒళ్లు అలసిపోయి బస్సులో తెల్లవాళ్లకు సీటు వదల్లేదన్న మాట నిజమేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: రెండో ప్రశ్న ముందు తేల్చేద్దాం తల్లీ. పార్క్స్ 1943 నుంచీ అలబామా రాష్ట్రంలోని మాంట్‌గొమరీలో, నల్లవాళ్ల హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ శాఖకు కార్యదర్శిగా పనిచేశారు. 1955 డిసెంబరు 1న అరెస్టయ్యే ముందు, అదే ఏడాది వేసవిలో, టెనసీలో ఉద్యమకారులకు తర్ఫీదిచ్చే హైలాండర్ ఫోక్ స్కూల్లో శిక్షణ కూడా తీసుకున్నారు. అలసట కథ ఎవరు పుట్టించారో గానీ, ఆవిడ పన్నెండేళ్ల కష్టాన్ని కాళ్లనొప్పుల కింద జమకట్టేశారు.

ఆ హైలాండర్‌లో తరగతి నడిపినావిడ పేరు సెప్టిమా క్లార్క్. మీ అమ్మాయిని ఈవిడ గురించి మాట్లాడమనండి. నేనూ బడిలో పాఠాలు చెప్పి రిటైరైనదాన్నే కనక పంతులమ్మల మీద పక్షపాతం అనుకున్నా ఫరవాలేదు.

క్లార్క్ 1898లో దక్షిణ కరొలైనాలోని చార్ల్‌స్టన్‌లో పుట్టారు. తండ్రి బానిసగా పుట్టినవాడు. నగరంలోని ప్రభుత్వ బడులు అప్పట్లో నల్లవాళ్లను టీచర్లుగా తీసుకునేవి కావు కాబట్టి, పద్దెనిమిదేళ్ల వయసులో పక్కనున్న జాన్స్ ద్వీపానికి వెళ్లి పాఠాలు మొదలుపెట్టారు. నలభై ఏళ్లు చెప్పాక, 1956లో ఆ రాష్ట్రం ఒక చట్టం చేసింది: ప్రభుత్వ ఉద్యోగులెవరూ ఆ ఎన్‌ఏఏసీపీలో ఉండకూడదని. సభ్యత్వం దాచుకోండి, కొలువు నిలుస్తుంది అన్న లెక్క. ఆవిడ దాచుకోలేదు. ఉద్యోగం పోయింది, పింఛనూ పోయింది.

నాకు మింగుడుపడనిది ఆ తరవాతి సంగతి. ఈ చట్టాన్ని నిలదీద్దాం రండని నల్లజాతి టీచర్లకు 726 ఉత్తరాలు రాశారు. జవాబిచ్చింది 26 మంది. బడుల అధికారి దగ్గరికి వస్తామన్నవాళ్లు 11 మంది, తీరా వచ్చింది ఐదుగురు. ఆవిడ గౌరవార్థం సభ పెట్టిన స్త్రీల సంఘంలోనైతే ఆవిడ పక్కన నిలబడి ఫోటో దిగడానికి ఒక్కరూ ముందుకు రాలేదు. స్టాఫ్ రూముల్లో బతికినవాళ్లకు ఈ లెక్కలు కొత్తగా అనిపించవులెండి.

అప్పటికామెకు 58 ఏళ్లు. అసలు పని అక్కడే మొదలైంది. అప్పట్లో ఓటరుగా నమోదు కావాలంటే రాష్ట్ర రాజ్యాంగంలో ఒక భాగం చదివి రాసి చూపించాల్సి వచ్చేది. జాన్స్ ద్వీపంలో ఎసా జెంకిన్స్ అనే ఆయన ఊరివాళ్లను పనులకు బస్సులో తీసుకెళుతూ, దారిపొడవునా అదే పాఠం చెప్పేవాడు. బస్సు పాఠం చాలదని ఆయనా క్లార్కూ కలిసి 1957 జనవరిలో బడి పెట్టారు. ముందు గదిలో కిరాణా కొట్టు, వెనక బడి. తెల్లవాళ్లు తొంగిచూడకుండా వెనక గదులకు కిటికీలే పెట్టలేదు.

టీచరుగా క్లార్క్ ఎంచుకున్నది తన బంధువు బెర్నీస్ రాబిన్సన్‌ను. ఆమె జుట్టు అలంకరించే పని చేసేది, బట్టలు కుట్టేది. టీచరు శిక్షణ లేదు. క్లార్క్‌కు కావలసిందీ అదే. పెద్దవాళ్లను పసిపిల్లల్లా కసిరే అలవాటు ఆమెకు లేదు, తెల్ల యజమాని తీసేస్తాడన్న భయమూ లేదు. మొదటి రాత్రి వచ్చినవాళ్లు 14 మంది. అట్టముక్క మీద రాసిన తమ పేరును దిద్దడం, మనియార్డరు నింపడం, ఆ తరవాత ఓటరు దరఖాస్తు. ఇలాంటి బడులకు పౌరసత్వ బడులని పేరు. 1961లో వాటి బాధ్యత మార్టిన్ లూథర్ కింగ్ సంస్థ తీసుకుంది. దక్షిణాది రాష్ట్రాలన్నిటా విస్తరించింది. 1963లో మిసిసిపీలోని వినోనా జైల్లో చావుదెబ్బలు తిన్న ఉద్యమకారిణి ఫ్యానీ లూ హేమర్ కూడా ఈ శిక్షణ నుంచి తిరిగొస్తూనే పట్టుబడింది.

కింగ్ సంస్థ కార్యవర్గంలో క్లార్క్ ఎందుకు అని కింగ్ సహచరుడు రాల్ఫ్ అబర్నతి పదే పదే అడిగేవాడట. పౌరసత్వ బడుల ఆలోచన ఆవిడదేనని కింగే సమాధానం చెప్పాల్సివచ్చేది. అయినా ఆ కింగ్‌కే ఆవిడ ఉత్తరం రాశారు: ప్రతి ఊరేగింపుకూ మీరే ముందు నడవకండి, ఊళ్లల్లో నాయకులను తయారుచేయండి అని. ఆయన దాన్ని సిబ్బందికి చదివి వినిపిస్తే అందరూ నవ్వారు. కింగ్ అంటే నాకూ గౌరవమే. కానీ ఆ గదిలో జనాన్ని కూడగట్టడమెలాగో ఎక్కువ తెలిసింది ఉత్తరం రాసినావిడకే.

పింఛను 1976లో తిరిగొచ్చింది, ఇరవై ఏళ్ల తరవాత. డెబ్బై దాటాక చార్ల్‌స్టన్ కౌంటీ పాఠశాలల బోర్డుకు ఎన్నికయ్యారు. 1987లో పోయారు.

ఐదు నిమిషాలే కాబట్టి తేదీలూ బహుమతులూ వదిలేయమనండి. 726 ఉత్తరాలు, కిటికీలు లేని గది చాలు. కింగ్ సిబ్బంది నవ్విన సంగతి వద్దని టీచరు అనవచ్చు. అయినా చెప్పమనండి.