సెకను పల్సు ఎందుకు వణుకుతుంది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు జీపీఎస్ రిసీవర్లతో, పాతకాలపు కొలత పరికరాలతో ఇంట్లోనే కచ్చితమైన కాలాన్ని కొలవాలని కూర్చున్నవారివి. వాటిలో ఐదింటికి ఇక్కడ జవాబిస్తున్నాను.

ప్రశ్న: సెకనుకొక పల్సు ఇచ్చే చిన్న జీపీఎస్ మాడ్యూలు కొన్నాను. పాత ఫ్రీక్వెన్సీ కౌంటరు లోపలి ఓవెన్ ఆసిలేటరుతో (క్వార్ట్జ్ స్ఫటికాన్ని ఎప్పుడూ ఒకే వేడిలో ఉంచి నడిపేది) ఆ పల్సును పోల్చి చూస్తే, అంకెలు ఇరవై నానోసెకన్ల మేర (నానోసెకను అంటే సెకనులో వంద కోట్లో వంతు) అటూ ఇటూ ఊగుతున్నాయి. ఒక్కోసారి కొన్ని నిమిషాలపాటు ఒకవైపే నిలిచిపోతున్నాయి. పాడైనది మాడ్యూలా, కౌంటరా?

జవాబు: రెండూ బాగానే ఉన్నాయి. సెకను ఎప్పుడు మొదలవుతుందో ఉపగ్రహ సంకేతాలను బట్టి రిసీవరు చాలా సూక్ష్మంగా లెక్కగట్టగలదు, కానీ సరిగ్గా ఆ క్షణానికే పల్సును బయటికి పంపే వీలు దానికి లేదు. దాని లోపల ఒక మామూలు క్వార్ట్జ్ స్ఫటికం తన లయలో తాను కొట్టుకుంటూ ఉంటుంది. పల్సు ఆ స్ఫటికపు ఏదో ఒక దెబ్బ మీదనే బయటికి రావాలి. స్ఫటికం 48 మెగాహెర్ట్జ్‌ది అయితే దెబ్బకూ దెబ్బకూ మధ్య దాదాపు 21 నానోసెకన్లు ఉంటాయి. మన ఇల్లు రెండు స్టాపుల మధ్య ఉన్నా బస్సు స్టాపులోనే ఆగుతుంది కదా, అలాగే పల్సు అసలు క్షణానికి 10 నానోసెకన్ల వరకు ముందో వెనకో పడుతుంది. స్ఫటికం నెమ్మదిగా జరుగుతూ ఉండటం వల్ల ఈ తేడా కూడా జరుగుతూ వచ్చి, ఒక కొసకు చేరగానే రెండో కొసకు దూకుతుంది. దీన్ని గ్రాఫుగా గీస్తే రంపపు పళ్లలా కనిపిస్తుంది.

ఒకవైపే నిలిచిపోవడానికి కారణం కూడా ఇదే. ఒక సెకనులో పడే దెబ్బల సంఖ్య దాదాపు పూర్ణాంకానికి చేరినప్పుడు తేడా కదలడం మానేసి ఒకేచోట ఉండిపోతుంది. గ్రాఫులో అది రెండు స్తంభాల మధ్య వేలాడే వంతెనలా కనిపిస్తుంది కాబట్టి ఈ రంగంలోవారు దాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. వంద పల్సుల సగటు తీస్తే తప్పు పోతుందని చాలామంది అనుకుంటారు; రంపపు పళ్ల విషయంలో అది కొంతవరకు నిజమే గాని, వంతెన వేలాడుతున్న సమయంలో వంద పల్సులూ ఒకే వైపు తప్పు చెబుతాయి. సగటు కూడా ఆ తప్పునే చెబుతుంది. కాలమానం కోసమే తయారైన రిసీవర్లు ప్రతి పల్సుకూ అది ఎన్ని నానోసెకన్లు తప్పి పడుతుందో సీరియల్ సందేశంలో చెబుతాయి. ఆ అంకెను మీ కొలతలోంచి తీసివేయండి. రంపం మాయమై, అయనావరణం వల్లా, గోడల మీద పడి వచ్చే ప్రతిధ్వనుల వల్లా కలిగే కొద్దిపాటి ఊగిసలాట మాత్రమే మిగులుతుంది.

ఇక్కడ ఇంకొక మాట చెప్పాలి, ఎందుకంటే మీ ప్రశ్నలో అడగకుండా అడిగినది ఇదే: జీపీఎస్‌ను నమ్మాలా, ఓవెన్ ఆసిలేటరును నమ్మాలా? ఎంత వ్యవధికి అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. జీపీఎస్ పల్సులో 10 నానోసెకన్ల వణుకు ఉందనుకుందాం. ఒక సెకను వ్యవధిలో అది పది కోట్లలో ఒక వంతు దోషం; మంచి ఓవెన్ ఆసిలేటరు అదే సెకనులో దానికంటే వేల రెట్లు నిలకడగా ఉంటుంది. కానీ అదే 10 నానోసెకన్లను ఒక రోజుకు, అంటే 86,400 సెకన్లకు పంచితే, దోషం పది లక్షల కోట్లలో దాదాపు ఒక వంతుకు దిగిపోతుంది, ఆ వ్యవధిలో ఏ క్వార్ట్జ్ స్ఫటికమూ దానికి సాటి రాదు. క్వార్ట్జ్ వయసుతో, వేడితో జరిగిపోతూ ఉంటుంది. జీపీఎస్ వణుకుతుందే గాని జరిగిపోదు. వ్యవధి పెరిగేకొద్దీ ఈ రెండింటి దోషం ఎలా మారుతుందో గ్రాఫుగా గీస్తే, ఆ రెండు గీతలు ఎక్కడ కలుసుకుంటాయో, అంటే సాధారణంగా కొన్ని వందల నుంచి కొన్ని వేల సెకన్ల మధ్య, అక్కడ పగ్గాలు ఒకరి చేతినుంచి మరొకరి చేతికి మారాలి. జీపీఎస్ అదుపులో నడిచే 10 మెగాహెర్ట్జ్ ఆసిలేటరు పెట్టెలన్నీ చేసేది ఇదే. ఏ వ్యవధికి ఎంత నిలకడ ఉందో చూపడానికి అమెరికా భౌతికశాస్త్రవేత్త డేవిడ్ అలెన్ 1966లో ప్రతిపాదించిన కొలమానం ఇప్పటికీ అందరూ వాడేది; మామూలు ప్రామాణిక విచలనం కొన్నిరకాల గడియారపు దోషాల్లో కొలతలు పెరిగేకొద్దీ తానూ పెరుగుతూ పోతుంది కనుక ఇక్కడ పనికిరాదు.

మీ కౌంటరును ఒక రోజంతా కంప్యూటరుకు కలిపి, ప్రతి సెకను కొలతనూ నమోదు చేయండి. ఆ తరువాత గాని ఏ స్క్రూనూ ముట్టుకోవద్దు. నా మొదటి రోజు గ్రాఫులో మధ్యాహ్నం రెండు గంటల దగ్గర ఒక వంపు కనిపించింది. మూడు రోజులు అదే వేళకు అదే వంపు వచ్చాక గమనించాను, ఆ సమయానికి కిటికీలోంచి ఎండ సరిగ్గా ఆసిలేటరు పెట్టె మూత మీద పడుతోంది. అట్టపెట్టె బోర్లించాను, వంపు పోయింది.

ప్రశ్న: యాంటెనా నుంచి రిసీవరుకు 20 మీటర్ల కేబుల్ వేశాను. దాని జాప్యాన్ని లెక్కలోకి తీసుకోవాలా?

జవాబు: మీకు కావలసినది సమయమా, పౌనఃపున్యమా అన్నది ముందు తేల్చుకోండి. ఘన పాలిథిన్ నిండిన మామూలు కోయాక్సియల్ కేబుల్‌లో సంకేతం మీటరుకు దాదాపు 5 నానోసెకన్లు తీసుకుంటుంది, అంటే మీ సెకను 100 నానోసెకన్లు ఆలస్యంగా మొదలవుతుంది. ప్రపంచ సమయంతో సరిపోల్చుకోవాలంటే ఆ అంకెను రిసీవరు అమరికల్లో నమోదు చేయాలి. 10 మెగాహెర్ట్జ్ మాత్రమే కావాలనుకుంటే ఆ జాప్యంతో పని లేదు, ఎందుకంటే ప్రతి సెకనూ అంతే ఆలస్యమైతే సెకనుకూ సెకనుకూ మధ్య దూరం మారదు.

ప్రశ్న: ఎన్నో ఏళ్లుగా మూలన పడి ఉన్న ఒక పాత టైమ్ ఇంటర్వెల్ కౌంటరు (రెండు పల్సుల మధ్య వ్యవధిని కొలిచేది) నా చేతికి వచ్చింది. ప్లగ్గు పెట్టి చూడవచ్చా?

జవాబు: దయచేసి ఇప్పుడే పెట్టకండి. ఆ తొందరలో నేను చేసిన పొరపాటు చెబుతాను. అలాంటి ఒక కౌంటరును తెచ్చిన సాయంత్రమే ఆన్ చేశాను. అంకెలు చక్కగా వెలిగాయి, ఇరవై నిమిషాలు నడిచింది, తరువాత వెనుక వైపు నుంచి టప్‌మని చప్పుడు, గోధుమరంగు పొగ వచ్చాయి. ఆ ఘాటు వాసన రెండు రోజులు గదిని వదలలేదు. మూత విప్పితే మెయిన్స్ ఫిల్టరులోని కాగితపు కెపాసిటరు నిలువునా చీలి ఉంది. తేనెరంగులో పారదర్శకంగా ఉండే ఈ కెపాసిటర్ల తొడుగు మీద ఏళ్లు గడిచేకొద్దీ వెంట్రుకల్లాంటి సన్నని పగుళ్లు వస్తాయి. వాటిలోంచి తేమ లోపలి కాగితానికి చేరుతుంది, కరెంటు తగలగానే షార్టవుతుంది.

కాబట్టి ముందు మూత తీసి, మంచి వెలుతురులో ఆ పగుళ్లు ఉన్నాయేమో చూడండి. ఉన్నా లేకపోయినా వాటిని అదే విలువ, అదే భద్రతా తరగతి గల కొత్త కెపాసిటర్లతో మార్చడం మేలు. వెనుక పలక మీద వోల్టేజి మీట మీ కరెంటుకు సరిపడే స్థానంలో ఉందో లేదో, ఫ్యూజు సరైనదేనో చూడండి. ఆపైన ప్రతి డీసీ సరఫరానూ విడిగా కొలవండి. పెద్ద ఎలక్ట్రొలిటిక్ కెపాసిటర్లు ఎండిపోతే డీసీ మీద అలలు కనిపిస్తాయి, టాంటలం కెపాసిటరు షార్టయితే ఆ సరఫరా పూర్తిగా కూలిపోతుంది. ప్లగ్గు తీసిన తరువాత కూడా పెద్ద కెపాసిటర్లలో వోల్టేజి నిలిచి ఉండవచ్చు, అందుచేత మీటరుతో చూడకుండా లోపల చెయ్యి పెట్టవద్దు. మెయిన్స్ పనిలో అనుభవం లేకపోతే ఇదంతా తెలిసినవారి చేత చేయించండి.

ఇంత శ్రమ ఎందుకని అనిపించవచ్చు. నాలుగు దశాబ్దాల నాటి హ్యూలెట్ ప్యాకార్డ్ 5370 కౌంటరు ఒక్క కొలతలో 20 పికోసెకన్ల (పికోసెకను అంటే నానోసెకనులో వెయ్యో వంతు) తేడాను పట్టగలదు. కాంతి ఆ వ్యవధిలో 6 మిల్లీమీటర్లు మాత్రమే ప్రయాణిస్తుంది. ఆ తరం పనివాళ్లు రాసిన సర్వీసు మాన్యువళ్లలో ప్రతి సర్క్యూటూ గీసి, ప్రతి వోల్టేజీ రాసి ఉంటుంది. బాగుచేయగలిగేలా తయారైన యంత్రం చేతికి రావడం ఒక భాగ్యమని నేను నిజంగా నమ్ముతాను.

కౌంటరు కోలుకున్నాక దాని ఓవెన్ ఆసిలేటరుకు కొన్ని వారాల గడువు ఇవ్వండి. చాలా పాత కౌంటర్లలో ముందు స్విచ్చు ఆపినా, ప్లగ్గులో ఉన్నంతసేపూ ఓవెన్ వెచ్చగానే ఉంటుంది. ఏళ్ల తరబడి చల్లబడిన స్ఫటికం మొదటి రోజుల్లో గబగబా జరిగి, క్రమంగా కుదురుకుంటుంది. మొదటి రోజే స్క్రూ తిప్పి సరిచేసినవారు వారం తిరగకుండా మళ్లీ తిప్పవలసి వస్తుంది.

ప్రశ్న: నా పాత జీపీఎస్ ఆసిలేటరు పెట్టె తేదీని దాదాపు ఇరవై ఏళ్లు వెనక్కి చూపిస్తోంది. ఇంకొక రిసీవరు సరిగ్గా 18 సెకన్లు ముందుంది. ఇవి పనికివస్తాయా?

జవాబు: రెండూ పనికివస్తాయి. జీపీఎస్ కాలం 1980 జనవరి 6న మొదలైంది. పాత సంకేతంలో వారాల సంఖ్యకు కేటాయించినది పది బిట్లే కావడం వల్ల 1023వ వారం తరువాత లెక్క మళ్లీ సున్నాకు వస్తుంది. 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్‌లో మరొకసారి అలా వచ్చింది. ఎన్నో చుట్టులో ఉన్నామో తెలియని పాత ఫర్మ్‌వేరు 1024 వారాలు, అంటే 7,168 రోజులు వెనక్కి పడిపోతుంది. పల్సుకు గాని 10 మెగాహెర్ట్జ్‌కు గాని దీనివల్ల ఏ హానీ లేదు. తేదీ కావాలంటే కంప్యూటరులో 1024 వారాలు కలుపుకుంటే సరి.

భూభ్రమణంతో సరితూగేందుకు ప్రపంచ సమయానికి అప్పుడప్పుడు కలిపే లీపు సెకన్లను జీపీఎస్ కాలంలో కలపరు. 2016 డిసెంబరు 31న కలిపిన లీపు సెకనుతో ప్రపంచ సమయానికీ దానికీ తేడా 18 సెకన్లయింది. ఈ తేడాను ఉపగ్రహాలు తమ సందేశంలో పంపుతాయి గాని, పాత సంకేతంలో పూర్తి సందేశం ఒక చుట్టు తిరగడానికి 12.5 నిమిషాలు పడుతుంది. రిసీవరును ఆన్ చేసి పావుగంట ఆగండి. అప్పటికీ 18 సెకన్లు ముందే ఉంటే, అది జీపీఎస్ కాలాన్నే చూపించేలా అమర్చి ఉందని అర్థం.

ప్రశ్న: ఎత్తుకు వెళ్లేకొద్దీ గడియారం వేగంగా నడుస్తుందని సాపేక్ష సిద్ధాంతం చెబుతుంది. నా జీపీఎస్ ఆసిలేటరును కొండ మీదికి తీసుకెళ్లి దాన్ని పరీక్షించవచ్చా?

జవాబు: ఆలోచన చాలా బాగుంది, కానీ ఆ పెట్టెతో కుదరదు. ఒక కిలోమీటరు ఎత్తుకు రోజుకు వచ్చే తేడా 9 నానోసెకన్ల పైచిలుకు. జీపీఎస్ పల్సు వణుకే ఆ మోతాదులో ఉంటుందన్నది ఒక ఇబ్బంది. అసలు ఇబ్బంది వేరే ఉంది: మీ ఆసిలేటరు కొండ మీద కాస్త వేగం పుంజుకోగానే జీపీఎస్ దాన్ని వెనక్కి లాగి మళ్లీ వరసలో పెడుతుంది, అంటే మీరు చూడాలనుకున్న ప్రభావాన్నే చెరిపేస్తుంది. జీపీఎస్ తీసేసి నడిపితే క్వార్ట్జ్ తన సొంత దోషంతో, వయసుతో జరిగే పాత రుబిడియం అణు గడియారం కూడా సాధారణంగా తన దోషంతో, ఆ కొద్ది నానోసెకన్లను ముంచేస్తాయి. దీనికి ఎవరి అదుపూ లేకుండా నడిచే సీజియం అణు గడియారాలు, పోల్చుకోవడానికి ఇంటి దగ్గర అలాంటివే మరికొన్ని ఉండాలి. 2005లో ఒక అమెరికన్ ఔత్సాహికుడు మూడు సీజియం గడియారాలను కారులో పెట్టుకుని, పిల్లలను వెంటబెట్టుకుని రెయినియర్ పర్వతం మీద రెండు రాత్రులు గడిపి తిరిగివచ్చి, ఇంటి గడియారాలతో సరిపోల్చాడు. కొండ ఎక్కివచ్చినవి 22 నానోసెకన్లకు అటూ ఇటూగా ముందున్నాయి, సిద్ధాంతం చెప్పిన లెక్కా దాదాపు అంతే.