ఆ పాత ఫోను తాళం తీసే ముందు

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. అప్‌డేట్లు ఆగిపోయిన పాత ఫోను తాళం తీసి, అందులో వేరే వ్యవస్థ ఎక్కించుకుంటానన్నావు. "డబ్బు పెట్టి కొన్నది నేను, అందులో ఏ ప్రోగ్రాం నడవాలో చెప్పేది వాళ్లా?" అన్న నీ మాట దగ్గర చదవడం ఆపి నవ్వుకున్నాను. పదేళ్ల కిందట నేనూ ఇలాగే మండిపడ్డాను. ఆ మంటలోనే ఒక ఫోనును ఇక ఎప్పటికీ లేవని ఇటుకగా మార్చుకున్నాను. అది ఇప్పుడు నా బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా ఉపయోగపడుతోంది. నీ కోపంతో నాకు పేచీ లేదు. కోపం మీద ఉండగా కేబుల్ చేతిలోకి తీసుకోవడంతోనే పేచీ.

అసలు తాళం ఎక్కడుందో ముందు తెలుసుకో. పవర్ మీట నొక్కగానే లేచేది ఆండ్రాయిడ్ అనుకుంటాం. దానికంటే ముందు, చిప్పు తయారీలోనే చెరపడానికి వీల్లేకుండా రాసి పెట్టిన ఒక చిన్న ప్రోగ్రాం లేస్తుంది. తన తర్వాతి ప్రోగ్రాం మీద కంపెనీ డిజిటల్ సంతకం ఉందో లేదో చూసి, ఉంటేనే దాన్ని లేపుతుంది. అలా లేచేది బూట్‌లోడర్, అంటే వ్యవస్థను లేపే ప్రోగ్రాం. అది వ్యవస్థకు గుండెకాయలాంటి కెర్నల్ సంతకాన్ని చూస్తుంది. కెర్నల్ మిగతా వ్యవస్థను చదివినప్పుడల్లా ముక్కముక్కగా సరిచూస్తుంది. ఎక్కడ ఒక్క అక్షరం మారినా గొలుసు తెగుతుంది, ఫోను మొరాయిస్తుంది. సంతకం చేయగల రహస్య తాళంచెవి కంపెనీ దగ్గరే ఉంటుంది. నీ ఫోనులో ఉన్నది ఆ సంతకం అసలుదా నకిలీదా అని పోల్చుకునే రెండో చెవి మాత్రమే.

ఈ గొలుసును ఊరికే తిట్టకు. నువ్వు లేనప్పుడు ఎవరైనా అరగంట పాటు నీ ఫోను తీసుకుని, ఆండ్రాయిడ్‌కు కూడా అంతుపట్టని లోతులో నిఘా ప్రోగ్రాం ఒకటి దాచారనుకో. తాళం ఉంటే అది బయటపడుతుంది, లేకపోతే నీకు జన్మలో తెలియదు. ఇంటికి తాళం ఉండాల్సిందే. మన తగాదా అంతా చెవి గురించి. ఇల్లు కట్టిన మేస్త్రీ చెవి తన దగ్గరే ఉంచుకుని, మూడేళ్లయ్యాక "ఇక ఈ ఇంటికి మరమ్మతులు చేయను" అన్నాడు. సరే, వేరే మేస్త్రీని పిలుచుకుంటాం, చెవి ఇవ్వమంటే అదీ ఇవ్వడు. నీ ఫోను పరిస్థితి ఇదే. బ్యాటరీ బాగుంది, తెర బాగుంది, భద్రతా అప్‌డేట్లు మాత్రం ఆగిపోయాయి.

ఈ గొడవ ఫోన్లతో పుట్టలేదు. టీవీ కార్యక్రమాలను రికార్డు చేసే టీవో అనే పెట్టె 1999లో అమెరికా మార్కెట్లోకి వచ్చింది. దాని లోపల నడిచేది లినక్స్ అనే కెర్నల్. ఆ కెర్నల్‌కు ఉన్న జీపీఎల్ లైసెన్సు రెండో కూర్పు 1991 నాటిది. ప్రోగ్రాం అమ్మేవాడు సోర్స్ కోడ్, అంటే ఆ ప్రోగ్రాం అసలు రాత, కూడా ఇవ్వాలని అది చెబుతుంది. టీవో వాళ్లు కోడ్ ఇచ్చారు కూడా. అయితే ఆ కోడ్‌ను మార్చి తిరిగి పెట్టెలో ఎక్కిస్తే సంతకం కుదరదు కనుక పెట్టె దాన్ని నడపదు. కలం చేతికిచ్చి సిరా దాచేసినట్టు! జీపీఎల్ రాసిన రిచర్డ్ స్టాల్‌మన్ ఈ ఎత్తుకు టీవోయైజేషన్ అని పేరు పెట్టారు. దాన్ని అడ్డుకునే షరతు జీపీఎల్ మూడో కూర్పులోకి ఎక్కింది. ఇళ్లలో వాడే పరికరాలు అమ్మేవాళ్లు, మార్చిన ప్రోగ్రాంను అందులో ఎక్కించడానికి కావలసిన సమాచారం కూడా ఇవ్వాలన్నది ఆ షరతు సారాంశం. ఆ కూర్పు వెలువడిన తేదీ 2007 జూన్ 29. మొట్టమొదటి ఐఫోన్ అమ్మకానికి వచ్చిందీ సరిగ్గా ఆ రోజే. ఇలాంటి కాకతాళీయాలు చూసినప్పుడు చరిత్రకు చమత్కారం ఎక్కువేమో అనిపిస్తుంది నాకు.

లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ మాత్రం ఆ షరతుకు ఒప్పుకోలేదు. తన పరికరానికి తాళం వేసుకోవాలా వద్దా అన్నది తయారీదారు ఇష్టమని, అందులో సాఫ్ట్‌వేర్ లైసెన్సు తలదూర్చకూడదని ఆయన వాదన. లినక్స్ కెర్నల్ రెండో కూర్పు కిందే ఉండిపోయింది. ఆండ్రాయిడ్ ఆ కెర్నల్ మీదే నిలబడింది. అందుకే నీ ఫోను కెర్నల్ కోడ్ అడిగి తెచ్చుకునే హక్కు నీకుంది, దాన్ని మార్చి అదే ఫోనులో నడిపించుకునే హక్కు లైసెన్సు వల్ల రాలేదు. టోర్వాల్డ్స్ వాదనలో తర్కం లేకపోలేదు. ఐనా ఇన్నేళ్లు చూశాక నా మొగ్గు స్టాల్‌మన్ వైపే.

చట్టం సంగతి పొడిగానే చెబుతాను. డిజిటల్ తాళాలను దాటుకుని పోవడమే నేరం అంటూ 1998లో అమెరికా ఒక చట్టం చేసింది. మూడేళ్లకోసారి అందులోంచి కొన్ని మినహాయింపులు ఇస్తారు. స్మార్ట్‌ఫోన్లలో కంపెనీ ఆమోదించని ప్రోగ్రాంలు నడుపుకునేందుకు 2010లో మినహాయింపు దొరికింది, టాబ్లెట్లకు 2015 దాకా దొరకలేదు. ఒక చేత్తో పట్టుకునేదానికి అనుమతి, రెండు చేతులతో పట్టుకునేదానికి లేదు! నువ్వు చేయబోయేది దీనికంటే తేలిక వ్యవహారం. కంపెనీ తనే పెట్టిన తలుపును, తనే చెప్పిన పద్ధతిలో తెరవడం.

ఆ తలుపు నీ ఫోనుకు ఉందా అన్నది మొదటి ప్రశ్న. సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబరు మీద ఏడుసార్లు తడితే డెవలపర్ ఆప్షన్లు కనిపిస్తాయి. అందులో ఓఈఎం అన్‌లాకింగ్ అన్న వరస వెతుకు. బూట్‌లోడర్ తాళం తీయడానికి అనుమతిచ్చే మీట అదే. అది వెలిసిపోయినట్టు బూడిద రంగులో ఉండి తాకినా కదలకపోతే, నీ ఫోను నెట్‌వర్క్ కంపెనీ కోసం ప్రత్యేకంగా తయారైనది కావచ్చు. సిమ్ లాక్, బూట్‌లోడర్ లాక్ ఒకటే అనుకోకు. వేరే కంపెనీ సిమ్ పనిచేస్తోంది కదా అని బూట్‌లోడర్ కూడా తెరుచుకుంటుందని లేదు. కంపెనీల తీరు కూడా ఒక్కటి కాదు. పిక్సెల్ ఫోన్లలో నేరుగా నెట్‌వర్క్ కంపెనీతో సంబంధం లేకుండా అమ్మినవి సులువుగా తెరుచుకుంటాయి. ఫెయిర్‌ఫోన్ తన సైట్ నుంచే తాళం తీసే కోడ్ ఇస్తుంది. షావోమీ అర్జీ పెట్టించుకుని రోజుల తరబడి ఎదురుచూపిస్తుంది. హువావే 2018లో కోడ్‌లు ఇవ్వడమే మానేసింది. తలుపు అసలే లేని ఫోనైతే, డబ్బు తీసుకుని దొడ్డిదారిన తెరుస్తామనే అపరిచితులకు దాన్ని అప్పగించకు. కంపెనీని నమ్మలేక బయలుదేరిన దానివి, ముక్కూమొహం తెలియనివాడిని ఎలా నమ్ముతావు?

ఇక ఫోను ఖాళీ అయిపోయే సంగతి. బూట్‌లోడర్ అన్‌లాక్ చేసిన క్షణంలో లోపలున్నదంతా చెరిగిపోతుంది. ఇది కక్ష కాదు. అలా చెరిపేయకపోతే, దొంగిలించినవాడు తాళం తీసి నీ ఫొటోలన్నీ చూసేవాడు. ఫొటోలు, నంబర్లు అందరూ దాచుకుంటారు, అది చెప్పనక్కరలేదు. మరిచిపోయేది రెండంచెల లాగిన్ కోడ్‌లు ఇచ్చే యాప్‌ను. అది ఖాళీ అయ్యాక నీ మెయిల్‌లోకి నువ్వే వెళ్లలేవు. ఆ కోడ్‌లను ముందే మరో పరికరానికి మార్చుకో, రికవరీ కోడ్‌లను కాగితం మీద రాసుకో. ఫోనులో ఉన్న ఖాతాను తీసేసి మరీ మొదలుపెట్టు.

పోయేవి ఇంకా కొన్ని ఉన్నాయి, వాటిలో కొన్ని తిరిగి రావు. బ్యాంకు యాప్‌లు చాలావరకు బూట్‌లోడర్ తెరిచి ఉందా అని ఆరా తీసి, ఉందని తెలిస్తే పనిచేయమంటాయి. వాటిని మభ్యపెట్టే చిట్కాలు ఉన్నాయి. ఇవాళ పనిచేసిన చిట్కా రేపు పనిచేయదు, ఆ పిల్లీ ఎలుకా ఆటకు నీ జీవితంలో సమయం పెట్టకు. డబ్బు వ్యవహారాలకు వేరే ఫోను ఉంచుకో. కొన్ని ఫోన్లలో సినిమా యాప్‌లు నాణ్యత తగ్గించి మసక బొమ్మ చూపిస్తాయి. సామ్‌సంగ్ ఫోన్లలో నాక్స్ అనే ఏర్పాటు ఉంది. సంతకం లేని వ్యవస్థ ఒక్కసారి ఎక్కితే చిప్పులో ఒక ఫ్యూజు కాలిపోతుంది, తర్వాత పాత వ్యవస్థనే మళ్లీ పెట్టినా ఆ ఫ్యూజు అతుక్కోదు, సెక్యూర్ ఫోల్డర్ వంటివి శాశ్వతంగా మూతపడతాయి. మన పరికరంలో మనమీదే సాక్ష్యం చెప్పే ఫ్యూజు! నన్నడిగితే, తాళం కంటే ఎక్కువ అవమానం అదే.

ఇంతకీ నా ఇటుక కథ చెప్పలేదు కదూ. తాళం తీశాను, కస్టమ్ రోమ్ (కంపెనీది కాని వేరే వ్యవస్థ) ఎక్కించాను, అన్నీ చక్కగా నడిచాయి. ఒక్కటే చిరాకు. ఫోను లేచిన ప్రతిసారీ "ఈ పరికరాన్ని నమ్మలేము" అన్న హెచ్చరిక కనిపించేది. పదిహేను రోజులు భరించాను. ఒక రాత్రి, పని అయిపోయింది కదా, బూట్‌లోడర్‌ను మళ్లీ లాక్ చేస్తే ఈ హెచ్చరిక పోతుంది కదా అనుకున్నాను. కంప్యూటర్‌కు తగిలించి లాక్ ఆదేశం ఇచ్చాను. బూట్‌లోడర్ బుద్ధిగా తన పాత డ్యూటీలో చేరింది. కెర్నల్ మీద కంపెనీ సంతకం వెతికింది, దొరకలేదు, ఫోను లేవలేదు. మళ్లీ అన్‌లాక్ చేద్దామంటే, దానికి అనుమతిచ్చే మీట ఉన్నది సెట్టింగ్స్‌లో. సెట్టింగ్స్ ఉన్నది లేవని ఆండ్రాయిడ్‌లో. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చిప్పు లోతుల్లో అత్యవసర మార్గం ఒకటి ఉంది గానీ, దానికీ కంపెనీ సంతకం ఉన్న ప్రోగ్రామే కావాలి. తెల్లవారే దాకా కూర్చున్నాను. తప్పు పూర్తిగా నాదే. కస్టమ్ రోమ్ ఉండగా, నీ ఫోనుకు ఆ వీలుందని రోమ్ తయారుచేసినవాళ్లే రాస్తే తప్ప, బూట్‌లోడర్‌ను మళ్లీ లాక్ చేయకు.

ఆ వీలు ఉన్న ఫోన్లు నిజంగానే ఉన్నాయి. పిక్సెల్‌లో కంపెనీ చెవి స్థానంలో వేరే చెవిని పెట్టి తాళం వేయొచ్చు. గ్రాఫీన్ఓఎస్ వంటి వ్యవస్థలు అలాగే చేస్తాయి. అప్పుడు తాళం తీసిన ఫోనులో కనిపించే నారింజ రంగు హెచ్చరిక పోయి పసుపు రంగుది వస్తుంది. తాళం ఉంది, చెవి మాత్రం కంపెనీది కాదు అని దాని అర్థం. నేను కోరేది అచ్చంగా అదే. రక్షణ కావాలా స్వేచ్ఛ కావాలా తేల్చుకోమని మనల్ని నిలదీసేవాళ్లు ఈ పసుపు తెర సంగతి ఎత్తరు.

ఎక్కించే పని గురించి పెద్దగా రాయను, అది ఫోనును బట్టి మారుతుంది. వీడియోలు చూసి చేయకు. ఆ రోమ్ వాళ్ల సొంత సూచనల పేజీనే వరసగా అనుసరించు. ఫైలు దించుకున్నాక, అది మారలేదని తేల్చే ఎస్‌హెచ్‌ఏ-256 అంకెను వాళ్లు ఇచ్చినదానితో పోల్చిచూడు. మంచి కేబుల్ వాడు, బ్యాటరీ నిండుగా ఉంచుకో. ఐదో మెట్టులో తేడా వస్తే ఆరో మెట్టుకు పోకుండా ఆగి చదువు. అంతే.

నీకు సరిపోయేది లీనియేజ్ఓఎస్ అనుకుంటాను. సయనోజెన్‌మాడ్ అనే పాత కస్టమ్ రోమ్ 2016 డిసెంబరులో మూతపడినప్పుడు, ఆ పని చేస్తున్నవాళ్లే కొత్త పేరుతో కొనసాగించిన వ్యవస్థ అది. కంపెనీలు వదిలేసిన ఫోన్లెన్నింటికో ఇప్పటికీ ప్రాణం పోస్తోంది. దానికి రూట్ అక్కర్లేదు. రూట్ చేయడం, అన్‌లాక్ చేయడం ఒకటే అని చాలామంది పొరబడతారు. రూట్ అంటే యాప్‌ల మధ్య ఉన్న గోడలన్నీ దాటే అధికారం యాప్‌లకే ఇవ్వడం. ఫలానా పని రూట్ లేకుండా కాదని నీకు రూఢిగా తెలిస్తే తప్ప దాని జోలికి పోకు.

ఒక నిజం దాచకుండా చెప్పాలి. కొత్త వ్యవస్థ పెట్టినంత మాత్రాన ఫోను మొత్తం నీ చేతికి రాదు. మోడెమ్, కెమెరా, వైఫై చిప్పుల లోపల నడిచే ఫర్మ్‌వేర్ అనే ప్రోగ్రాం మూసిపెట్టిన పెట్టెలాంటిది. దానికి కంపెనీ, చిప్పు తయారీదారు ఆపేసిన మరమ్మతులను లీనియేజ్ వాళ్లు కూడా చేయలేరు. ఆండ్రాయిడ్ పొర తాజాగా ఉంటుంది, అడుగు పొర పాతబడుతూనే ఉంటుంది. ఏమీ చేయకుండా వదిలేసిన ఫోను కంటే ఇది నయం. కొత్త ఫోనుతో సమానం మాత్రం కాదు. 2017లో మొదలైన పోస్ట్‌మార్కెట్ఓఎస్ వాళ్లు ఫోనుకు పదేళ్ల ఆయుష్షు ఇవ్వాలని, అసలు లినక్స్ కెర్నల్‌నే నేరుగా నడిపించే ప్రయత్నంలో ఉన్నారు. వాళ్ల ఓపికకు నేను దణ్ణం పెడతాను. రోజువారీ వాడకానికి నీకు అది ఇప్పుడే వద్దు.

వచ్చేసారి ఫోను కొనేటప్పుడు కెమెరా గురించి చదివినంత శ్రద్ధగా రెండు విషయాలు చదువు. అప్‌డేట్లు ఎన్నేళ్లు, బూట్‌లోడర్ తెరుచుకుంటుందా. మొదటిదాని మీద ప్రభుత్వాలు కొంత కదిలాయి. 2025 జూన్ 20 నుంచి యూరోపియన్ యూనియన్‌లో, ఒక మోడల్ అమ్మకం ఆగాక కూడా కనీసం ఐదేళ్లు అప్‌డేట్లు అందుబాటులో ఉంచాలన్న నిబంధన వచ్చింది. రెండోదాన్ని కొనేవాళ్లు అడగకపోతే ఎవరూ పట్టించుకోరు. కొన్నాక తిట్టుకోవడం కంటే కొనకముందు అడగడం తేలిక. ఈ ముక్క నాకు యాభై దాటాక గానీ తలకెక్కలేదు.

ఈ ఆదివారం దాకా ఏమీ ముట్టుకోకు. నీ ఫోను మోడల్ నంబరు నాకు రాసి పంపు. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు కాదు, సెట్టింగ్స్‌లో చిన్నగా ఉండే నంబరు. ఒకే పేరుతో రెండు వేర్వేరు చిప్పులు పెట్టి అమ్ముతారు, ఒకదాని రోమ్ మరోదానిలో ఎక్కిస్తే నా బల్ల మీదికి రెండో ఇటుక వస్తుంది. నాకు ఉన్న కాగితాలకు ఒకటి చాలు.

ఇట్లు
మీ మామయ్య