తాళాలగుత్తి ఎవరి చేతిలో ఉందో ముందు చూసుకో

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నలభై వీఎంల (ఒకే సర్వర్ మీద పక్కపక్కన నడిచే వర్చువల్ మిషన్ల) బాధ్యత నీకు అప్పగించారని, నెలాఖరులోగా అన్నిటినీ అజ్యూర్ ఆర్క్ కిందికి, అంటే సొంత సర్వర్లని మైక్రోసాఫ్ట్ వారి అజ్యూర్ క్లౌడ్ నుంచి చూసుకునే ఏర్పాటు కిందికి, తెమ్మన్నారని మీ అమ్మ చెప్పింది. నీ మెసేజ్ కూడా చూశాను. "మిషన్లు మన సర్వర్ రూమ్‌లోనే ఉంటే వాటిని క్లౌడ్ నుంచి చూసుకోవడమేంటి మావయ్యా?" అని అడిగావు. ఆ ప్రశ్న వేసుకోకుండానే ఏజెంట్లు (అజ్యూర్‌తో మాట్లాడే చిన్న ప్రోగ్రాములు) ఎక్కించేసి తర్వాత ఇబ్బంది పడినవాళ్ళని చూశాను. అందుకే ఫోన్‌లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోకుండా తీరిగ్గా రాస్తున్నాను.

మిషన్ ఎక్కడికీ కదలదమ్మా. డిస్కు మీ స్టోరేజ్‌లోనే, కరెంటు మీ యూపీఎస్‌దే, బ్యాకప్ పూచీ ఇకముందు కూడా నీదే. ఆర్క్‌లో కనిపిస్తోంది కదా అని బ్యాకప్ అయిపోతున్నట్టు అనుకోకు. ప్రతి వీఎం లోపలా ఒక చిన్న ఏజెంట్ ఉంటుంది. అదే 443 పోర్టు (సురక్షిత వెబ్‌సైట్లు వాడే నెట్‌వర్క్ దారి) మీద బయటికి వెళ్ళి అజ్యూర్‌ని పలకరిస్తుంది. బయటినుంచి లోపలికి ఏ పోర్టూ తెరవక్కర్లేదు. ఈ మాట మీ నెట్‌వర్క్ వాళ్ళకి మొదటిరోజే చెప్పు, సగం అభ్యంతరాలు అక్కడే ఆగిపోతాయి. ఇంటర్నెట్ పోతే వీఎంలు మామూలుగానే నడుస్తాయి. కాకపోతే పావుగంట సేపు ఏజెంట్ పలకకపోతే పోర్టల్‌లో (అజ్యూర్ వెబ్ తెర మీద) ఆ మిషన్ 'డిస్‌కనెక్టెడ్' అని కనిపిస్తుంది. 45 రోజులు అలాగే ఉండిపోతే 'ఎక్స్‌పైర్డ్' అయిపోతుంది, మళ్ళీ కలుపుకోవాలి. సంవత్సరాంతపు లెక్కలకి మాత్రమే ఆన్ చేసే వీఎంలు మీ దగ్గర ఉంటే వాటిని విడిగా రాసిపెట్టుకో.

అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు చెప్తాను. పోర్టల్‌లో ఆ నలభై మిషన్లూ ఒకే తెర మీద బారులు తీరి కనిపించగానే ముచ్చటేస్తుంది. కానీ ఆ ఏజెంట్ విండోస్‌లోనైనా లైనక్స్‌లోనైనా మిషన్ మీద పూర్తి అధికారంతో పనిచేయగలదు. పోర్టల్ నుంచి ఒక ఎక్స్‌టెన్షన్ (ఏజెంట్‌కి తోడయ్యే అదనపు ప్రోగ్రామ్) ఎక్కించి ఏ స్క్రిప్టునైనా లోపల నడిపించవచ్చు. అంటే ఆ మిషన్లున్న రిసోర్స్ గ్రూప్ (అజ్యూర్‌లో వాటిని కలిపి ఉంచే గుంపు) మీద 'కంట్రిబ్యూటర్' (మార్పులు చెయ్యగల) హక్కు ఎవరికి ఉందో, వాళ్ళకి మీ నలభై మిషన్ల రూట్ (సర్వాధికారి) పాస్‌వర్డ్ ఇచ్చినట్టే. ఇదివరకు సర్వర్ రూమ్ తాళం ఒకరి దగ్గర, వీసెంటర్ (వీఎంవేర్ వీఎంలను నడిపించే సాఫ్ట్‌వేర్) లాగిన్ ఇంకొకరి దగ్గర, డేటాబేస్ పాస్‌వర్డ్ మరొకరి దగ్గర ఉండేవి. ఇప్పుడు అన్నీ ఒకే గుత్తికి వచ్చాయి. ఏనాడో ఒక రిపోర్టు చూడటానికని ఎవరికో కంట్రిబ్యూటర్ ఇచ్చి మర్చిపోయి ఉంటారు. ఆ మనిషి ఇప్పుడు మీ పేరోల్ సర్వర్‌లోకి కూడా దూరగలడు.

అందుకని ఒక్క ఏజెంట్ కూడా వెయ్యకముందే సబ్‌స్క్రిప్షన్ (మీ సంస్థ అజ్యూర్ ఖాతా) మీద ఎవరెవరికి ఏ హక్కులున్నాయో జాబితా తీసి మీ మేనేజరు ముందు పెట్టు. చూసేవాళ్ళకి 'రీడర్' చాలు. మిషన్లను గుంపుగా కలిపే స్క్రిప్టు కోసం 'కనెక్టెడ్ మెషిన్ ఆన్‌బోర్డింగ్' అనే చిన్న రోల్ ఉంది, దానితో కలపడమే తప్ప తీసెయ్యడం కుదరదు. ఆ స్క్రిప్టులో సీక్రెట్ (పాస్‌వర్డ్ లాంటిది) బాహాటంగానే ఉంటుంది కాబట్టి గడువు తక్కువ పెట్టు, పని అయ్యాక రద్దు చెయ్యి. యాక్టివ్ డైరెక్టరీ డొమైన్ కంట్రోలర్ల (అందరి లాగిన్లనీ సరిచూసే సర్వర్ల) వంటి ప్రాణాధారమైన మిషన్ల మీద ఏజెంట్‌ని 'మానిటర్' (పర్యవేక్షణకే పరిమితమయ్యే) మోడ్‌లో పెట్టు. మిగతా వాటి మీద ఏ ఎక్స్‌టెన్షన్లను రానివ్వాలో మిషన్‌లోనే కూర్చుని నిర్ణయించవచ్చు, ఆ కట్టడిని పోర్టల్ నుంచి ఎవరూ విప్పలేరు. ఈ సదుపాయాన్ని వాడుకోనివాళ్ళే ఎక్కువ. నువ్వు తప్పకుండా వాడు.

ఇంకో సంగతి. ఏజెంట్ కలిపేసిన వీఎంని టెంప్లేట్‌గా (అచ్చుగా) మార్చి క్లోన్లు (నకళ్ళు) తియ్యకు. రెండు మిషన్లు ఒకే గుర్తింపుతో తిరుగుతుంటే ఏది ఏదో తెలుసుకునేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. క్లోన్ చేశాకే కలుపు.

ప్యాచ్‌ల (సాఫ్ట్‌వేర్ దిద్దుబాట్ల) దగ్గర నా అనుభవం ఒకటి చెప్పాలి. పాత ఉద్యోగంలో తెల్లవారుజామున 5 గంటలకని షెడ్యూల్ పెట్టాను. టైమ్‌జోన్ యూటీసీలో (మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉండే అంతర్జాతీయ సమయంలో) ఉందని చూసుకోలేదు. మన టైముకి అది పొద్దున 10:30. కౌంటర్ల దగ్గర జనం బారులు తీరి ఉండగా డేటాబేస్ సర్వర్ రీస్టార్ట్ అయింది. నలభై నిమిషాలు బిల్లు పడలేదు. కిందికి వెళ్ళి క్యూలో నిలబడ్డ ఒక పెద్దాయన ముఖం చూశాను, ఇప్పటికీ మర్చిపోలేదు. అప్డేట్ మేనేజర్‌లో (అజ్యూర్‌లో ప్యాచ్‌లు వేసే సాధనంలో) మెయింటెనెన్స్ సమయం పెట్టేటప్పుడు ఇండియా టైమ్‌జోన్ ఎంచుకున్నావో లేదో రెండుసార్లు చూడు. రీబూట్ ఎంపికని డేటాబేస్‌లకి ఒకలా, వెబ్ సర్వర్లకి ఒకలా వేరువేరుగా పెట్టు. ముందు టెస్ట్ మిషన్లు, వారం ఆగి మిగతావి.

మీది వీఎంవేర్ కాబట్టి వీఎంలను పోర్టల్ నుంచే ఆన్, ఆఫ్ చెయ్యాలన్నా, కొత్తవి సృష్టించాలన్నా అజ్యూర్‌కీ వీసెంటర్‌కీ మధ్య వారధిగా ఉండే రిసోర్స్ బ్రిడ్జ్ అనే ఒక వీఎం వేసుకోవాలి. ఇది పెంపుడు జంతువు లాంటిది, రోజూ ఓ కంట కనిపెట్టాలి. ఇది ఎందుకో తెలియక ఎవరో ఆఫ్ చేసి, 45 రోజులు అలాగే వదిలేస్తే మళ్ళీ లేవదు. దాని కాన్ఫిగరేషన్ ఫైళ్ళు భద్రంగా దాచు, అప్‌గ్రేడ్‌ని ఆరునెలలకి మించి వాయిదా వెయ్యకు. వీసెంటర్ అకౌంట్ పాస్‌వర్డ్ మార్చినప్పుడు బ్రిడ్జ్‌లోనూ మార్చాలి, పోర్టల్‌లోని వీసెంటర్ కనెక్షన్‌లోనూ మార్చాలి. ఒకటి మార్చి రెండోది మర్చిపోతే సగం పనులు నడిచి సగం ఆగుతాయి, కారణం వెంటనే తట్టదు. ఇంకా, వీఎంని అజ్యూర్ జాబితా నుంచి మాత్రమే తొలగించడం వేరు, హోస్టు (వీఎంలు నడిచే అసలు సర్వర్) మీద నుంచి కూడా చెరిపెయ్యడం వేరు. రెండూ చెయ్యగలిగే అధికారం నీకు ఉంటుంది. తెర మీద ఏం రాసి ఉందో పూర్తిగా చదివాకే నొక్కు.

ఖర్చు సంగతి: కలపడానికి, ట్యాగులు పెట్టుకోవడానికి డబ్బు కట్టక్కర్లేదు. అప్డేట్ మేనేజర్‌కి సర్వర్‌కి నెలకు 5 డాలర్లు. మీ నలభైకి 200. విండోస్ లైసెన్సులకి సాఫ్ట్‌వేర్ అష్యూరెన్స్ (లైసెన్సుకి తోడుగా మైక్రోసాఫ్ట్‌తో చేసుకునే ఒప్పందం) ఉంటే అది కలిసిరావచ్చు, ముందు కనుక్కో. అసలు బిల్లు పెంచేది లాగులు (మిషన్లు రాసే సంఘటనల రికార్డులు). జీబీల లెక్కన కడతారు. అన్ని మిషన్ల నుంచీ అన్ని లాగులూ పంపించమని ఎవరన్నా చెప్తే "ఇవి ఎవరు చదువుతారండీ?" అని మర్యాదగా అడుగు.

మిషన్ల వివరాలు దాచే రీజియన్‌గా సెంట్రల్ ఇండియా, అంటే పుణె, ఎంచుకో. మీ ఆడిటర్లు అడిగేది అదే. వీసెంటర్ లాగిన్, లోకల్ పాస్‌వర్డ్‌లు కవర్లో పెట్టి సీలు వేసి బీరువాలో ఉంచు. నెట్ పోయిన రాత్రి నీకు పనికొచ్చేవి అవే.

ముందు ఈ వారం ఐదు టెస్ట్ మిషన్లు కలుపు. హక్కుల జాబితా తయారవగానే నాకు పంపు, పేర్లు తీసేసి రోల్స్ మాత్రం ఉంచు. ఆదివారం మీ ఇంటికి వస్తున్నాను, ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటీ చూద్దాం.

ప్రేమతో,
మావయ్య