32 మందికి మార్కులు వేయబోతున్న మేనకోడలికి

అమ్మడూ,

మీ అమ్మ నిన్న రాత్రి విజయవాడ నుంచి ఫోన్ చేసింది. "అన్నయ్యా, అది హాకీ వాళ్లకి మార్కులు వేసి పేపర్లో రాస్తుందట, ఎవరైనా కోప్పడితే?" అని ఒకటే కంగారు. చెల్లాయికి హాకీ అంటే ఇప్పటికీ ధ్యాన్‌చంద్ ఆటే. నువ్వు రాసేది ఐస్ మీద ఆడే హాకీ గురించని, మార్కులు ఆటగాళ్లకి కాదు, అమెరికా, కెనడాల లీగ్ NHLలో జట్లను కూర్చే 32 మంది జనరల్ మేనేజర్లకని (జీఎంలకని) చెప్పేసరికి అరగంట పట్టింది. ఆమెను సముదాయించి ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. సగం గర్వం, సగం భయం.

నీకు తెలిసినవి గబగబా చెప్పేస్తాను. కోచ్ తప్పు జీఎం ఖాతాలో రాయకు. డ్రాఫ్టులో, అంటే జట్లు కొత్త కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకునేటప్పుడు, తీసుకున్న పద్దెనిమిదేళ్ల కుర్రాడి సంగతి తేల్చడానికి నాలుగైదేళ్లు ఆగు. ఇక్కడ కెనడాలో మ్యాచ్ చూడ్డానికి వస్తే చలికాలం రాత్రిపూట కాల్గరీ రోడ్డు మీద కారు నడపకు. ఇది హాకీ సంగతి కాదు, అయినా ముందు ఇదే గుర్తుపెట్టుకో.

జీతాల దగ్గర ఉత్త అంకె చూసి మోసపోకు. జట్టు మొత్తం జీతాలకి ఇప్పటి పరిమితి మొదలైన సీజన్, 2005–06లో, అది 3.9 కోట్ల డాలర్లు. 2025–26కి 9.55 కోట్లయింది. ఏ కాంట్రాక్టయినా ఆ ఏడాది పరిమితిలో ఎన్నో వంతో లెక్కగట్టు. నలభై ఏళ్లు అకౌంట్లు రాసినవాణ్ణి, ఈ మాట మాత్రం విను.

మా ఎడ్మంటన్‌లో పీటర్ షరెల్లీ సంగతి నీకు తెలుసు కదా. 2015 ఏప్రిల్‌లో డ్రాఫ్టు లాటరీలో మా జట్టు ఆయిలర్స్‌కి మొదటి పిక్, అంటే అందరికంటే ముందు ఎంచుకునే వంతు, దక్కింది. ఆయన జీఎంగా వచ్చింది ఆ తర్వాత కొద్దిరోజులకి. అంటే ఆ పిక్‌తో వచ్చిన మా స్టార్ కానర్ మెక్‌డేవిడ్ ఆయన తెచ్చిన అదృష్టం కాదు. 2016 జూన్ 29న టేలర్ హాల్‌ని న్యూజెర్సీకి ఇచ్చేసి ఆడమ్ లార్సన్‌ని తెచ్చాడు. ఒకడికి ఒకడు. రెండు రోజులకి మిలన్ లూచిచ్‌కి ఏడేళ్లకి 4.2 కోట్ల డాలర్లు రాసిచ్చాడు. ఏడాదికి అరవై లక్షలు, ఆ ఏటి పరిమితిలో పన్నెండో వంతు ఒక్కడికే! నేను ఆ వారమంతా ఆయన్ని తిట్టిపోశాను. మరుసటి వసంతంలో ఆయిలర్స్ 2006 తర్వాత మొదటిసారి ప్లేఆఫ్స్‌కి వెళ్తే, ఆయనంత తెలివైనవాడు లేడన్నాను. 2018లో హాల్ న్యూజెర్సీ జెర్సీలో, జట్టుకి అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ అందుకోగానే మళ్లీ తిట్లు. ట్రేడ్ ఒక్కటే, నా మార్కులు మూడుసార్లు మారాయి. అందుకే ట్రేడ్ జరిగిన రోజే నీకేమనిపించిందో తేదీ వేసి రాసుకో. తర్వాత దిద్దకు.

ఇప్పుడు నీకెప్పుడూ చెప్పనిది చెబుతాను. ఇరవై ఏళ్ల పైమాటే. మీ బావ మా పేట క్లబ్బులో ఆడేవాడు. నేను కమిటీలో కోశాధికారిని. అక్కడ రెండేళ్ల వయసు తేడా ఉన్న పిల్లలు ఒకే విభాగంలో ఆడతారు. జట్టును ఎంపిక చేసిన మేనేజరు జీతంభత్యం లేకుండా పనిచేసేవాడు, మాటకారి కాదు. ఆ ఏడాది 22 ఆటల్లో మూడే గెలిచాం. నేను లెక్కల కాగితం తయారుచేశాను: గెలుపులు, కొట్టిన గోల్స్, తిన్న గోల్స్, అన్నీ గళ్లలో ఒద్దికగా. ఆ కాగితంలో లేని గడి ఒకటుంది. ఆయన కావాలనే ఎక్కువమంది చిన్నవాళ్లను, మరుసటి ఏడాది కూడా అదే విభాగంలో ఉండేవాళ్లను, తీసుకున్నాడు. రింక్ (ఐస్ మైదానం) పైగదిలో మీటింగ్. కింది నుంచి తడి గ్లవుజుల కంపు. "ఇంకొక్క ఏడాది ఆగండి" అన్నాడాయన. నేను జవాబుగా కాగితాన్ని ఆయనవైపు తిప్పాను. ఆయన్ని తీసెయ్యాలన్న ఓటింగులో మొదట లేచిన చెయ్యి నాదే.

తర్వాతి చలికాలం దాదాపు అవే పిల్లలు లీగ్ గెలిచారు. కొత్త మేనేజరుకి జ్ఞాపికలూ చప్పట్లూ. ఆ జ్ఞాపికకి చెక్కు రాసింది నేనే, కోశాధికారిని కదా. ఇంటికొచ్చాక మీ బావ అడిగాడు, "నాన్నా, మమ్మల్ని ఎంచుకున్నది పాత అంకుల్ కదా?" అని. అన్నం తినమన్నాను.

2018 స్టాన్లీ కప్ (NHL కప్పు) ఫైనల్ చూస్తుంటే ఆ పాత మేనేజరే గుర్తొచ్చాడు. ఒవెచ్కిన్‌నీ బ్యాక్‌స్ట్రామ్‌నీ హోల్ట్‌బీనీ డ్రాఫ్టు చేసి వాషింగ్టన్‌ను కూర్చింది జార్జ్ మెక్‌ఫీ. 2014లో ఆయన్ని పంపేశారు. నాలుగేళ్లకి, మొదటి సీజన్‌లోనే ఫైనల్‌కి చేర్చిన తన వేగస్ జట్టుతో ఎదురుగా నిలబడి, ఆ వాషింగ్టన్ చేతిలోనే ఓడిపోయాడు. కప్పు ఎత్తింది ఆయన పాత సహాయకుడు మెక్లెలన్ జట్టు. అలాగని మెక్‌ఫీని దేవుణ్ణి చెయ్యకు. 2013లో ఫిలిప్ ఫోర్స్‌బెర్గ్‌ని నాష్‌విల్‌కి వదులుకున్నదీ ఆయనే, అదీ ఖాతాలో పడాలి. నాకు కావాల్సింది రెండు గళ్లు: ఆయనకి దక్కిందేమిటి, ఆయన వదిలివెళ్లిందేమిటి.

మొన్న నువ్వు పంపిన చిత్తుప్రతి చదివాను. ఒకాయనకి సున్నా వేశావు. సున్నా ఎవరికైనా వేస్తారటే? పద్నాలుగు నెలలే అయింది ఆయన వచ్చి. పైగా పక్కన "తీసెయ్యాలి" అని రెండు ముక్కలు. కోపం కాదు నాకు, భయం. అలా రాసినప్పుడు ఎంత బాగుంటుందో నాకు బాగా తెలుసు కాబట్టి భయం.

మా క్లబ్బు పాత మేనేజరు తర్వాత ఒక్కసారే కనిపించాడు. మైనస్ ముప్పై చలి, రింక్ బయట నా కారు స్టార్టవలేదు. తన ట్రక్కులోంచి కేబుళ్లు తెచ్చి తగిలించాడు. ఇంజన్ అందుకున్నాక మీ బావ ఇంకా ఆడుతున్నాడా అని అడిగాడు. ఆడుతున్నాడన్నాను. థాంక్స్ చెప్పాను. అంతే చెప్పాను.

ఆ పేజీ మళ్లీ రాసి, అచ్చుకి ఇచ్చేముందు నాకు పంపు.

మీ మావయ్య